వడ్డీ తగ్గినా ఇల్లు ఎందుకు అందడం లేదు: ఒక కుటుంబం కేస్ స్టడీ

అప్పులు, పొదుపు విషయాల్లో కుటుంబాలకు సలహాలివ్వడం నా వృత్తి. మొదటి ఇల్లు కొనాలని వచ్చేవారిలో చాలామందికి డబ్బు చిక్కుతో పాటు ఇంట్లో ఒక వాదన కూడా నడుస్తూ ఉంటుంది. కడుపు కట్టుకుని కొన్నామని పెద్దవాళ్లు అంటారు. ఆ రోజుల్లో ఇళ్లు చౌక అని పిల్లలు అంటారు. ఈ కేసులో ఆ వాదన ముదిరి, రెండు తరాలూ కలిసి మునిగే నిర్ణయం దాకా వెళ్లింది. అందుకే దీన్ని రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. డబ్బు మొత్తాలు ఎక్కడా చెప్పకుండా, ప్రతి అంకెనూ కొనేవారి ఏడాది ఆదాయంతో పోల్చి ఇస్తున్నాను. ఎవరైనా తమ ఆదాయాన్ని ఆ స్థానంలో పెట్టి లెక్క చూసుకోవచ్చు.

నేపథ్యం

తండ్రి పదవీ విరమణ చేసినవారు. జీవితమంతా ఒకే సంస్థలో పనిచేశారు, నెలనెలా పెన్షను వస్తుంది. తల్లి ఇల్లు నడుపుతూ పిల్లలకు చదువు చెప్పి కొంత సంపాదించేవారు. కూతురు, అల్లుడు ముప్పై అయిదేళ్లకు అటూ ఇటూ ఉన్నవారు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఇంటి ఆదాయంలో అల్లుడి జీతం 55 శాతం, కూతురి జీతం 45 శాతం. ఇద్దరివీ ఎప్పుడైనా ఆగిపోగల ఉద్యోగాలే. కూతురికి ఒక తమ్ముడున్నాడు, అతని సంపాదన ఇంకా కుదురుకోలేదు.

కూతురు, అల్లుడు నాలుగేళ్లుగా ఆదాయంలో అయిదో వంతు దాస్తున్నారు. చేతిలో 0.8 ఏడాది ఆదాయం పోగైంది. వాళ్లకు నచ్చిన ఇంటి ధర ఇద్దరి ఉమ్మడి ఏడాది ఆదాయానికి 6 రెట్లు. అందులో 20 శాతం డౌన్‌పేమెంట్, అంటే 1.2 ఏళ్ల ఆదాయం. రిజిస్ట్రేషన్, ఇతర ఖర్చులకు మరో 0.4. మొత్తం 1.6 కావాలి, ఉన్నది అందులో సగం.

వాళ్లు తెచ్చిన సమస్య

వాళ్లు వచ్చి అడిగిన ప్రశ్న చిన్నదే: "నాన్నగారు ఇస్తామన్న డబ్బు తీసుకోవచ్చా?"

ఆ ప్రతిపాదన వెనుక కథ తర్వాత తెలిసింది. కొన్ని నెలల ముందు తండ్రీకూతుళ్ల మధ్య గట్టి గొడవ జరిగింది. "మేం 14 శాతం వడ్డీ కట్టాం. మీకు ఎనిమిదిన్నరకే ఇస్తున్నారు. ఇద్దరు సంపాదిస్తున్నారు. ఇంకా ఇల్లు లేదంటే చేయి పొదుపుగా లేదనే కదా అమ్మా" అన్నారు ఆయన. "నాన్నా, మీకు ఇల్లు మూడేళ్ల జీతానికి దొరికింది. మాకు ఆరేళ్ల జీతం, అదీ ఇద్దరిదీ కలిపి" అంది కూతురు. కొన్నాళ్లు మాటల్లేవు. ఆ తర్వాత ఆయన తన పదవీ విరమణ పొదుపులో మూడింట రెండు వంతులు తీసి ఇస్తానన్నారు. అప్పుకు హామీదారుగా సంతకం కూడా పెడతానన్నారు. మిగిలిన 0.8 అలా సమకూరుతుంది. కూతురు, అల్లుడు నెలలోపే కొనేద్దామనుకున్నారు. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమన్న భయం వాళ్లది.

ఆయన ఇస్తానన్నది ప్రేమతోనే. కాని అందులో ఓడిన వాదనను మరో దారిలో గెలవాలన్న పట్టుదల కూడా కొంత కనిపించింది. కూతురు ఒప్పుకోవడంలో అలసట కనిపించింది. ఇలాంటి స్థితిలో అవును, కాదు అని జవాబు చెబితే అది నిలవదు. అందుకని ముందు ఇద్దరి మాటల్లో ఎంత నిజముందో విడివిడిగా పరీక్షించాలనుకున్నాను.

ముందు పొదుపు వాదనను పరీక్షించాం

తండ్రి మాటను కొట్టిపారేయడం సులువు. దాన్ని నిజాయితీగా పరీక్షించకపోతే ఆయన తర్వాత ఏ లెక్కనూ నమ్మరు. అందుకే మూడు నెలల పాటు ప్రతి ఖర్చూ రాయమన్నాను. తగ్గించడానికి వీలున్న సరదా ఖర్చులు ఆదాయంలో 8 శాతం తేలాయి. వాటిని సగానికి కోస్తే పొదుపు 20 శాతం నుంచి 24 శాతానికి పెరుగుతుంది. ఇంటి ధర కదలకుండా ఉంటే మిగిలిన 0.8 పోగవడానికి పట్టే నాలుగేళ్లు మూడేళ్ల నాలుగు నెలలకు తగ్గుతాయి.

ఎనిమిది నెలలు కలిసిరావడం తక్కువేమీ కాదు. కాని ధర కదలకుండా ఉండదు. అది ఏటా 6 శాతం పెరిగితే, కావలసిన 1.6 కూడా ఏటా దాదాపు 0.1 పెరుగుతుంది. అంటే ఏడాదంతా దాచిన దానిలో సగం ఆ పెరుగుదలకే పోతుంది. జీతం పెరుగుదల, దాచిన డబ్బుపై వచ్చే రాబడి దీన్ని కొంత సర్దుతాయి, మొత్తం సర్దవు. పైగా పొదుపు ఎంత చేసినా అప్పు తీసుకున్నాక కట్టాల్సిన వాయిదా మారదు. 4.8 ఏళ్ల ఆదాయమంత అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అంటే నెలనెలా ఆదాయంలో 50 శాతం వాయిదాకే పోతుంది.

ఊరికి దూరంగా తక్కువ ధరకు కొనే ఆలోచన కూడా చేశాం. ప్రయాణానికి పట్టే సమయం వల్ల కూతురు ఉద్యోగం మానుకోవలసి వచ్చేలా ఉంది. 45 శాతం ఆదాయం పోయాక చౌక ధరకు అర్థం లేదు కాబట్టి దాన్ని వెంటనే పక్కన పెట్టాం.

ఫలించని సమావేశం

తర్వాత నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి ధరకూ ఆదాయానికీ ఉన్న నిష్పత్తిని ముందు పెట్టాను. తండ్రి ఇల్లు 3 రెట్లు, కూతురి ఇల్లు 6 రెట్లు. ఇది ప్రపంచమంతటా వాడే కొలత. వివిధ దేశాల్లో ఇళ్ల ధరలను పోల్చే డెమోగ్రాఫియా వార్షిక సర్వే, మధ్యస్థ ఇంటి ధర మధ్యస్థ కుటుంబ ఆదాయానికి 3 రెట్లలోపు ఉంటే అందుబాటులో ఉన్నట్టు, 5 రెట్లు దాటితే తీవ్రంగా అందనట్టు లెక్కిస్తుంది. అంకె సరైనదే, సమావేశం మాత్రం చెడింది. తండ్రి ముఖం గంటు పెట్టుకున్నారు. "అయితే మేం సుఖంగా కొన్నామన్నమాట" అని లేచిపోయారు.

ఆయన కోపంలో న్యాయముంది. ధర, ఆదాయాల నిష్పత్తి కొనే రోజున ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. కొన్నాక వాయిదా కట్టడానికి ఏమేం మానుకోవాల్సి వచ్చిందో చెప్పదు. ఆ తరం కట్టిన వడ్డీని తేలిక చేయడానికి లేదు. 1981 అక్టోబరులో అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ గృహరుణం సగటు రేటు 18 శాతం దాటింది. 1989 అక్టోబరు నుంచి ఏడాది పాటు బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ రేటు 15 శాతం దగ్గర నిలిచింది. ఆ కాలాల్లో ఇల్లు కొన్నవారు తినే తిండి దగ్గర కూడా లెక్క చూసుకున్నారు. అదే అమెరికాలో 2021 జనవరిలో అలాంటి రుణం సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. వడ్డీ ఒక్కటే చూస్తే తండ్రి గెలుస్తారు. నిష్పత్తి ఒక్కటే చూస్తే కూతురు గెలుస్తుంది. ఇద్దరూ ఒక్కో అంకెను పట్టుకుని ఎదుటివారి కష్టం అబద్ధమని తేల్చుకుంటున్నారు.

కష్టం ఎంత అని అడగడం మాని, అది ఏ ఏట, ఎక్కడ పడింది అని అడగాలని అప్పుడు నిర్ణయించాం.

తల్లి లెక్కల పుస్తకం

ఈ ప్రశ్నకు జవాబు తల్లి దగ్గర దొరికింది. ఇల్లు కొన్న ఏడాది నుంచి ఆమె ఖర్చుల పుస్తకం రాస్తున్నారు. అడగ్గానే తెచ్చారు. దాన్ని భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యంలా వాడనని ముందే మాటిచ్చాను. ఏ పేజీ చదవాలో ఆమె ఇష్టానికే వదిలేశాను.

ధర 3 ఏళ్ల జీతం. డౌన్‌పేమెంట్ నాలుగో వంతు, అంటే 0.75. మిగిలిన 2.25 ఏళ్ల జీతమంత అప్పుకు 14 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు. మొదటి ఏడాది వాయిదా జీతంలో 36 శాతం. ఒక్క జీతం మీద, ఇద్దరు పిల్లలతో. మొదటి రెండేళ్ల పేజీల్లో కొత్త బట్టల పద్దు లేదు. వైద్యుడి ఫీజు రెండు విడతలుగా కట్టినట్టు ఉంది. కూతురు ఆ పేజీలు చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజుల్లో ఇళ్లు చౌక అన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు.

పేజీలు తిరిగేకొద్దీ మరో విషయం బయటపడింది. తండ్రి జీతం ఏటా సుమారు 10 శాతం పెరిగింది, వాయిదా మాత్రం అదే మొత్తం. అయిదేళ్లు గడిచేసరికి వాయిదా జీతంలో 22 శాతానికి, పదేళ్లకు 14 శాతానికి తగ్గింది. ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్న కాలంలో సమాన వాయిదాల అప్పు నిజమైన బరువంతా మొదటి ఏళ్ల మీద మోపి, తర్వాత తేలికవుతుంది. ఫ్రాంకో మోదిగ్లియాని వంటి ఆర్థికవేత్తలు 1970లలోనే దీన్ని వివరించారు. తండ్రి కష్టం నిజం, అది మొదటి అయిదేళ్లలో గుమికూడింది. ఆ తర్వాత ధరల పెరుగుదలే ఆయన అప్పును అరగదీసింది.

కూతురి విషయంలో అదే లెక్క వేశాం. మొదటి ఏడాది 50 శాతం. జీతాలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, అయిదేళ్లకు 39, పదేళ్లకు 31. పదేళ్లు కట్టాక కూడా ఆమె బరువు, తండ్రికి మొదటి ఏడాది ఉన్న బరువు కంటే కొంచెమే తక్కువ. ముందు ఇంకో పదేళ్లు మిగిలే ఉంటాయి. తక్కువ వడ్డీ, తక్కువ ద్రవ్యోల్బణం కలిసి నడిచే కాలంలో అప్పు తనంతట తాను చిన్నదవదు. ఈ రెండు వరుసలూ పక్కపక్కన చూశాక తండ్రి కళ్లద్దాలు సర్దుకుని తానే మళ్లీ లెక్క వేశారు. ఆయన చేతి లెక్కకూ అదే తేలింది.

పుస్తకంలో ఇంకో పద్దు తల్లి తనంతట తానే చదివారు. డౌన్‌పేమెంట్‌లో సగం సంస్థ ఇచ్చిన తక్కువ వడ్డీ అడ్వాన్సు. అంతకు ముందు రెండేళ్లు బంధువుల ఇంట్లో అద్దె లేకుండా ఉన్నారు. ఎవరి సాయం లేకుండా కొన్నానని తండ్రి ఇన్నేళ్లూ చెబుతూ వచ్చారు. అది అబద్ధం చెప్పాలని కాదు. జీతంలోంచి తెలియకుండా కోత పడిన అడ్వాన్సును ఎవరూ సాయమని గుర్తుపెట్టుకోరు. ఆయన కాసేపటికి, "అదీ నిజమే" అన్నారు.

నిర్ణయాన్ని మార్చిన లెక్క

గొడవ చల్లారింది. అసలు ప్రశ్న అలాగే ఉంది: ఆ డబ్బుతో ఆ ఇల్లు ఇప్పుడు కొనాలా?

ఇక్కడ రెండు తరాల మధ్య మూడో తేడా ముందుకు వచ్చింది. తండ్రి 36 శాతం కట్టింది ఆగని జీతంలోంచి. కూతురు 50 శాతం కట్టాల్సింది ఆగిపోగల రెండు జీతాల్లోంచి. చిన్న జీతం ఆగితే మిగిలిన 55లో 50 వాయిదాకు పోతుంది. పెద్ద జీతం ఆగితే మిగిలిన 45, వాయిదాకే చాలదు. అప్పుడు హామీదారుగా సంతకం పెట్టిన తండ్రిని అడుగుతారు. ఆయన పొదుపులో మూడింట రెండు వంతులు అప్పటికే అదే ఇంట్లో ఇరుక్కుని ఉంటుంది. ఒక్క ఉద్యోగం పోతే రెండు ఇళ్లు కదిలిపోతాయి. ఈ ఒక్క కారణం చాలు, హామీ సంతకం వద్దని గట్టిగా చెప్పాను. పెద్దలు డబ్బు ఇస్తే నష్టం ఆ మొత్తంతో ఆగుతుంది. హామీ ఇస్తే మొత్తం అప్పుకూ బాధ్యులవుతారు.

రుణం ఇచ్చేవారు 50 శాతం దాకా ఒప్పుకున్నారు కదా అని అల్లుడు అడిగాడు. వాళ్లు చూసేది తమ డబ్బు తిరిగి వస్తుందా అని. ఇంట్లో వాళ్లు ఎలా బతుకుతారన్నది వాళ్ల లెక్కలో ఉండదు. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదని తరచూ వినపడే హద్దు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో ఆదాయంలో 25 శాతం హద్దు పెట్టారు, 1981లో దాన్ని 30 చేశారు. అద్దెకు పెట్టిన హద్దు అది. అందుకని ఈ కుటుంబానికి నేను వేరే పరీక్ష పెట్టాను. పెద్ద జీతం ఆగినా, చిన్న జీతంతోనూ ఆరు నెలల నిల్వతోనూ వాయిదా తప్పకుండా కట్టగలగాలి. ఆ పరీక్షకు నిలిచే వాయిదా 33 శాతం దగ్గర తేలింది. ఆ వాయిదాకు వచ్చే అప్పు దాదాపు 3.15 ఏళ్ల ఆదాయం.

అద్దె కట్టడం డబ్బు పారేయడమే కదా అన్న బాధ కూతురిది. లెక్క చూపించాను. వాళ్ల అద్దె ఏడాదికి 0.18. ఆ ఇల్లు కొంటే మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 0.40. మొదటి ఏడాది కట్టే వాయిదాల్లో అయిదింట నాలుగు వంతులు వడ్డీకే పోతాయి, అసలుకు పోయేది అయిదో వంతు. ఇల్లు విలువ పెరుగుతుందన్న ఆశ కొనడానికి ఒక కారణమే, కాని అద్దె కట్టిన ప్రతి నెలా నష్టమే అనుకుని భయపడి పరుగెత్తడానికి అది చాలదు. ఆ భయం తగ్గాకే ఆమె తొందర తగ్గింది.

చివరకు కుదిరినది

6 రెట్ల ఇల్లు వదిలేసి, 4.5 రెట్లలో వచ్చే పాత ఇల్లు వెతకాలని నిర్ణయించుకున్నారు. ఒక గది తక్కువ. 3.15 అప్పు పోగా 1.35 డౌన్‌పేమెంట్, ఖర్చులు 0.3, మొత్తం 1.65. ఆరు నెలల వాయిదాల నిల్వకు ఇంకో 0.165. చేతిలో 0.8 ఉంది.

తండ్రి నుంచి తీసుకున్నది 0.3 మాత్రమే, ఆయన పొదుపులో నాలుగో వంతు. దాన్ని అప్పుగా తీసుకోవాలా, కానుకగానా అన్న దానిపై చాలా చర్చ జరిగింది. అప్పంటే నెలనెలా మరో వాయిదా చేరి, 33 శాతం హద్దు దాటిపోతుంది. కానుకంటే తమ్ముడికి అన్యాయం. తల్లిదండ్రుల ఆస్తిలో కూతురి వాటాకు ముందస్తుగా ఇచ్చినట్టు కాగితం రాసి, తమ్ముడితోనూ సంతకం చేయించాం. ఆ సంతకం కోసం అతనితో విడిగా మాట్లాడాను. కాదనడానికి అతనికి నిజంగా వీలుండాలి, తండ్రి ఎదుట అది ఉండదు.

మిగిలిన 0.7 పైచిలుకు పోగవడానికి మూడున్నరేళ్లు అనుకున్నాం. రెండో ఏడాది అల్లుడి ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు. పొదుపులోంచి తీసి తిన్నారు. అప్పటికే ఆ పెద్ద ఇల్లు కొని ఉంటే ఏమయ్యేదో ఎవరూ వాళ్లకు చెప్పక్కర్లేకపోయింది. అనుకున్నదానికన్నా సుమారు ఏడాది ఆలస్యంగా ఇల్లు కొన్నారు. ఇప్పుడు నిల్వ ఆరు నెలలకు కాకుండా నాలుగు నెలలకే ఉంది, దాన్ని పూరించే పనిలో ఉన్నారు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

ఇప్పుడు తల్లిదండ్రులు సాయం చేసే ప్రతి కేసులోనూ రెండు తరాల వాయిదానూ మొదటి ఏడు, అయిదో ఏడు, పదో ఏడు ఆదాయంలో ఎంత శాతమో పక్కపక్కన రాయిస్తున్నాను. వడ్డీ రేటు, ధర, నిష్పత్తి అన్నీ దాని తర్వాతే. పెద్దలు మొదటి ఏళ్ల అంకె చూసి తమ కష్టం లెక్కలోకి వచ్చిందని ఊరట పడతారు. పిల్లలు పదో ఏటి అంకె చూసి తమ భయం గాలిలోంచి పుట్టలేదని తెలుసుకుంటారు. ఆ తర్వాతే ఎంత ఇవ్వాలి, ఎంత తీసుకోవాలి అన్న మాట సజావుగా సాగుతుంది. పెద్దల మొదటి ఇంటికి అందిన సాయాల గురించి కూడా అడుగుతున్నాను. సంస్థ అడ్వాన్సు, అద్దె లేని రోజులు, చవగ్గా వచ్చిన స్థలం, ఇలా ఏదో ఒకటి దాదాపు ప్రతి కథలోనూ ఉంటోంది. అడిగే తీరు మాత్రం ముఖ్యం. నిలదీసినట్టు అడిగితే ఏమీ గుర్తురాదు, ఆ రోజులు ఎలా గడిచాయని అడిగితే అన్నీ వస్తాయి.

ఈ పద్ధతి తీర్చలేనిది ఒకటుంది. ఆ 0.3 లేకపోతే ఈ జంటకు ఇంకో ఏడాదిన్నర పట్టేది. ఇచ్చే తల్లిదండ్రులు లేని జంటలు నా దగ్గరకు ఎక్కువగానే వస్తున్నారు, వాళ్లలో చాలామంది ఈ కూతురి కంటే కట్టుదిట్టంగా దాచేవాళ్లు. తరాల మధ్య తేడా గురించి మాట్లాడుతూ, ఒకే తరంలో సొంత ఇల్లున్న తల్లిదండ్రుల పిల్లలకూ లేనివారి పిల్లలకూ మధ్య పెరుగుతున్న ఈ తేడాను మరిచిపోతున్నామని నా ఆందోళన. వీళ్లకు నేను లెక్క సాయం చేయగలను, గడువు పెంచగలను, తప్పు అప్పు నుంచి ఆపగలను. డౌన్‌పేమెంట్ పుట్టించలేను.

తమ్ముడు ఈ మధ్య తన లెక్క తీసుకుని వచ్చాడు. అదే పరీక్ష పెట్టాం. ఒక్క జీతం, అదీ నిలకడ లేనిది. ఇప్పటికి ఏ ఇల్లూ ఆ పరీక్షకు నిలవలేదు. ఆ మాటే చెప్పాను. రెండేళ్ల పాటు నిల్వ పెంచుకోవడం, అద్దె ఇంటి ఒప్పందాన్ని పొడిగించుకోవడం అతని ప్రణాళిక. తండ్రి ఈసారి వడ్డీ రేటు ఊసెత్తలేదు. ఒప్పందం కాగితం మాత్రం తీసుకుని, గడువు ఎప్పటిదాకా ఉందో చూశారు.